కాయ కోశాక కొమ్మ లేచింది: మా పల్లె మెష్ నెట్‌వర్క్ డైరీ

చంద్రగిరి నుంచి పాకాల పోయే దారిలో, మెయిన్ రోడ్డు దిగి 1.2 కిలోమీటర్లు లోపలికి వస్తే మా పల్లె. దగ్గర దగ్గర 140 గడప. ఫైబర్ కేబుల్ రోడ్డు మీది టీ అంగడి దాకా వచ్చి ఆగిపోయింది. లోపలికి లాగమని రెండేళ్ళు అడిగాం. ఇంత తక్కువ ఇళ్ళకు స్తంభాల ఖర్చు గిట్టదన్నారు. సెల్ సిగ్నల్ వాటర్ ట్యాంకు దగ్గర నిలబడితే వస్తుంది, నాలుగడుగులు పక్కకు జరిగితే పోతుంది.

అందుకని అంగడి దాకా వచ్చిన లైన్‌ను రేడియోల మీద, అంటే తీగ లేకుండా వైఫై తరంగాలతో, ఇళ్ళకు మేమే తెచ్చుకున్నాం. ఒక ఇంటి రౌటర్ పక్కింటి రౌటర్‌కు, అది ఆ పక్కదానికి నెట్ అందించే అల్లికనే మెష్ అంటారు. నాకు పాకాలలో మోటర్ వైండింగ్ అంగడి ఉంది, కాబట్టి కరెంటు పని నాది. కాన్ఫిగరేషన్ పని మా చిన్నాన్న కొడుకుది. వాడు బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. ఎలా మొదలైందనే కథ వదిలేస్తున్నా. ఎక్కడ చెడింది, ఎంత కొలిచాం, ఏం మార్చాం, ఎంత అయింది, ఇవే రాస్తాను. ఇందులో మేము దండగ పెట్టిన 11,600 రూపాయలు ఇంకో పల్లెకు మిగిలితే చాలు.

దశ 1: మిద్దె నుంచి మిద్దెకు (డిసెంబరు)

పాత సింగిల్ బ్యాండ్ రౌటర్లు ఐదు కొన్నాం, ఒక్కోటి 1,300. 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉన్నవి. వాటిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాని మీద డేటాకు దారి చూపే బ్యాట్‌మ్యాన్ ప్రోటోకాల్ పెట్టాం. బెర్లిన్‌లోని ఫ్రైఫుంక్ అనే ఉచిత వైఫై సంఘం వాళ్ళ మధ్య పుట్టింది ఇది. 2011 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది, విడిగా వెతుక్కోనక్కర్లేదు.

ఐదింటినీ వీధి వెంబడి వరసగా ఐదు ఇళ్ళలో పెట్టాం. మొదటిదానికి ల్యాప్‌టాప్ వైరుతో తగిలించి ఐపర్ఫ్3 (రెండు యంత్రాల నడుమ వేగం కొలిచే సాఫ్ట్‌వేర్) నడిపాం. ఇంటర్నెట్ స్పీడ్ టెస్టుతో మాత్రం మెష్‌ను కొలవకండి. తప్పు లైన్‌దో మీ రేడియోదో అందులో తెలియదు.

వచ్చిన అంకెలు:

1. వైరు మీద: 94 ఎంబీపీఎస్
2. ఒక గంతు (ఒక రౌటర్ నుంచి పక్క రౌటర్‌కు) తర్వాత: 44
3. రెండు గంతులకు: 21
4. మూడుకు: 9
5. నాలుగుకు: 4

రౌటర్లు పాడయ్యాయనుకుని వారం రోజులు వాటినే మార్చి మార్చి చూశాం. వాటిలో ఏ లోపమూ లేదు. ఒకే రేడియో ఉన్న రౌటర్ వినేటప్పుడు మాట్లాడలేదు, మాట్లాడేటప్పుడు వినలేదు. పక్కింటి నుంచి వచ్చింది అందుకుని అదే ఛానెల్‌లో ముందుకు పంపాలి. కాబట్టి గంతుకొకసారి వేగం సగమవుతుంది. మెష్‌లో ఎంతమంది చేరితే అంత బలం అని రాస్తుంటారు. దారులు పెరుగుతాయన్నంత వరకు అది నిజం. వేగం విషయంలో మాత్రం కాదు.

మార్చినవి:

1. డ్యూయల్ బ్యాండ్ రౌటర్లు ఆరు తెచ్చాం, ఒక్కోటి 2,450. మెష్ అంతా 5 గిగాహెర్ట్జ్ మీద, ఇంట్లో ఫోన్లకు 2.4. కనీసం 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉన్నవే తీసుకోండి. ఒకే మోడల్ పేరుతో లోపల వేరే చిప్ ఉన్న వెర్షన్లు అమ్ముతారు. డబ్బా కింద స్టిక్కర్ మీది వెర్షన్ నంబరు చూసి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి.
2. ఇంట్లో ఉన్న నోడ్లన్నీ (మెష్‌లోని ఒక్కో రౌటర్ ఒక్కో నోడ్) మిద్దె మీదికి, పిట్టగోడకు ఎక్కించాం.
3. వరస తీసేశాం. వాటర్ ట్యాంకు నడుమ పెట్టుకుని చుట్టూ నోడ్లు. ఏ ఇంటికైనా రెండు గంతులకు మించకూడదని నియమం.
4. సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా వచ్చే వైఫై ప్యాకేజీ, పాస్‌వర్డ్ ఉన్న 802.11ఎస్ (రౌటర్లు ఒకదానితో ఒకటి నేరుగా కలిసే వైఫై పద్ధతి) మెష్‌ను నడపదు. దాన్ని తీసి మెష్ ఉన్న ప్యాకేజీ వేయాలి. ఎర్రర్ ఏదీ చూపించదు, ఊరికే కలవదు. రెండు రాత్రులు పోయాయి ఇక్కడ.
5. బ్యాట్‌మ్యాన్ వాడుతుంటే 802.11ఎస్ సొంత ఫార్వర్డింగ్‌ను సున్నా చేయాలి. లేకుంటే రెండూ దారి చూపిస్తామని పోటీ పడతాయి.
6. మొదట ఛానెల్ 100 పెట్టాం. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్ళలో రాడార్ జాడ కనబడితే రౌటర్ ఆ ఛానెల్ ఖాళీ చేసి పోవాలి. ఒక్క నోడ్ అలా పోతే మెష్‌లో అది ఒంటరి. ఛానెల్ 149కి మార్చాం, కంట్రీ కోడ్ ఇండియాకు పెట్టాం. మళ్ళీ ఆ తంటా రాలేదు.

కొత్త కొలత: ఒక గంతుకు 168, రెండుకు 79. వచ్చే లైన్ ఎలాగూ 100, అంతవరకు సరిపోతుంది.

ఖర్చు: పాత రౌటర్లు 6,500, కేబుల్ 120 మీటర్లు క్లిప్పులతో 1,850, కొత్త రౌటర్లు 14,700.
ఇప్పటిదాకా మొత్తం: 23,050

దశ 2: రోడ్డు నుంచి పల్లెకు (ఫిబ్రవరి నుంచి ఆగస్టు)

టీ అంగడి మిద్దె మీద ఒకటి, మా ట్యాంకు మీద ఒకటి, 16 డీబీఐ (యాంటెనా బలానికి కొలత) యాంటెనా ఉన్న 5 గిగాహెర్ట్జ్ రేడియోలు బిగించాం. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లకు 2018లో ఇచ్చిన లైసెన్సు మినహాయింపుతో ఆరుబయట కూడా వాడుకోవచ్చు. నడుమ అంతా మామిడి తోపులు, ఎక్కువగా తోతాపురి. ట్యాంకు మీది నుంచి చూస్తే చెట్ల తలల మీదుగా అంగడి రేకుల కప్పు తేటగా కనబడేది. కనబడుతోంది కదా, చాలనుకున్నాం.

ఫిబ్రవరిలో సిగ్నల్ మైనస్ 64 డీబీఎం (ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం), వేగం 82. లెక్క ప్రకారం మైనస్ 57 రావాలి. ఆ 7 డీబీ ఎక్కడ పోయిందని అప్పుడే అడిగి ఉండాల్సింది. అడగలేదు.

జూన్ దాకా నడిచింది. జులై రెండో వారానికి మైనస్ 79, వేగం 11. వాన పడి ఆకు తడిస్తే లింకే తెగిపోయేది. రేడియోలు తిప్పాం, కేబుల్ మార్చాం, ఫర్మ్‌వేర్ మార్చాం. పవర్ పెంచాం. ఏదీ కుదరలేదు.

తోపు మా పెద్దమ్మది. నడుమ ఎక్కడ అడ్డం వస్తోందో చూద్దామని గెనిమ మీద నడుస్తుంటే ఆమే ఎదురొచ్చింది. సంగతి చెప్పాను.

“కాయ బరువుకు వంగిన కొమ్మ నాయనా, కోసినాక లేస్తాది. పైన మళ్ళీ కొత్త చిగురేసింది సూడు. ఇది నీకు తెలీకనా?”

తెలుసు. ఇరవై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నా. రేడియోకు దానికీ ముడిపెట్టలేదు అంతే. అక్కడే నిలబడి చూశాను. కోత కోసిన చెట్లన్నీ ఎత్తుగా, గుబురుగా ఉన్నాయి. కొమ్మ కొసల్లో రాగి రంగు లేత ఆకు గుత్తులుగా వేలాడుతోంది. కోయకుండా వదిలేసిన ఒక్క చెట్టు మాత్రం ఇంకా కాయల బరువుతో నేల వైపు వంగి ఉంది. దాని కంటే పక్క చెట్టు నిలువెత్తు మనిషంత ఎత్తులో కనబడింది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాం. రేడియో కిరణం దారంలా పోదు, నడుమ ఉబ్బిన సొరకాయలా పోతుంది. దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. నడిమధ్యలో దాని వ్యాసార్ధం తెలుసుకునే లెక్క:

1. దూరాన్ని కిలోమీటర్లలో తీసుకోండి: 1.2
2. ఫ్రీక్వెన్సీని గిగాహెర్ట్జ్‌లో తీసుకుని నాలుగుతో హెచ్చించండి: 5.8 × 4 = 23.2
3. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వర్గమూలం తీయండి: 0.227
4. 17.32తో హెచ్చించండి: 3.9 మీటర్లు

ఇందులో కనీసం 60 శాతం, అంటే 2.4 మీటర్లు, చూపు గీత కింద ఖాళీగా ఉండాలి. ఫిబ్రవరిలో మాకున్నది మీటరు. జులైలో అది కూడా లేదు. కంటికి కనబడటం వేరు, రేడియోకు కనబడటం వేరు.

దారులు మూడు. కొమ్మలు కొట్టడం ఒకటి. పెద్దమ్మను అడగలేదు, అడగను కూడా. ఏడాదికొక కాపు ఇచ్చే చెట్టును నెట్ కోసం నరకమనడం నాకు మనసొప్పలేదు. పైగా ఏటా నరుకుతూనే ఉండాలి. రెండోది పైపు పొడుగు పెంచడం. ట్యాంకు మీద 20 అడుగుల జీఐ పైపు నిలబెట్టి చూశాం. గాలికి ఊగింది, ఊగినప్పుడల్లా సిగ్నల్ 10 డీబీ అటూ ఇటూ పోయింది. మూడోది గుట్ట.

ఊరికి పడమర బండల గుట్ట, దాని మీద గంగమ్మ గుడి. అక్కడి నుంచి టీ అంగడికి 700 మీటర్లు, ట్యాంకుకు 800. రెండు వైపులా కింద తోపులు ఎంత పెరిగినా అందవు. గుడి పెద్దలను అడిగాం, పంచాయతీలో చెప్పాం. గుడి వెనక గోడకు క్లాంపులు వేసుకోమన్నారు, గోపురానికి తగలకూడదన్నారు. తగల్లేదు.

గుట్ట మీద ఒక్కో దిక్కుకు ఒక్కో రేడియో, రెండూ వేర్వేరు ఛానెళ్ళలో. ఒకటి అందుకుంటుంటే రెండోది పంపుతుంది కాబట్టి ఇక్కడ వేగం సగం కాదు. అంగడి వైపు మైనస్ 56, ట్యాంకు వైపు మైనస్ 58. ఆ చివర నుంచి ఈ చివరకు 88 ఎంబీపీఎస్.

స్పెయిన్‌లోని కాటలోనియాలో 2004లో ఒసోనా ప్రాంతపు పల్లెల్లో మొదలైన గుయిఫి.నెట్ ఈ రకం నెట్‌వర్కుల్లో పెద్దది. అందులోనూ వెన్నెముక పని చేసేవి ఎక్కువగా ఇలాంటి ఎదురెదురు లింకులే. 2009 నుంచి ఫైబర్ కూడా సొంతంగా వేసుకుంటున్నారు. ఇది ముందే గమనించి ఉంటే అంతా మెష్‌తోనే చేయాలనే పట్టుదల మాకు ఉండేది కాదు. దూరానికి ఎదురెదురు రేడియోలు, ఊళ్ళో మిద్దెలకు మెష్. మాకు నిలబడింది ఇదే.

ఖర్చు: మొదటి రెండు రేడియోలు 8,400, పైపు, క్లాంపులు 3,150, గుట్ట రేడియోలు 8,400, బోల్టులు వగైరా 1,900.
ఇప్పటిదాకా మొత్తం: 44,900

దశ 3: గుట్ట మీద కరెంటు (ఆగస్టు నుంచి నవంబరు)

గుట్ట మీద కరెంటు లేదు. సోలారే దిక్కు. 75 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల 18 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) జెల్ బ్యాటరీ, రేడియోలకు కావలసిన 24 వోల్టుల కోసం చిన్న బూస్ట్ కన్వర్టర్.

మూడో రోజు నుంచి తెల్లారుజామున, సుమారు 4 గంటలకు, నెట్ పోవడం మొదలైంది. మళ్ళీ పొద్దెక్కి ఏడున్నరకు వచ్చేది. పాలు పోసేవాళ్ళు ఫోన్ చూసే వేళ అదే, నా గడప ముందుకొచ్చి అడిగేవారు. గుట్టెక్కి క్లాంప్ మీటరు పెట్టి చూశాను. రెండు రేడియోలు, కన్వర్టర్ కలిసి 9.6 వాట్లు. రోజుకు 230 వాట్ అవర్లు. బ్యాటరీ మీద రాసి ఉన్న ప్రకారం 12 × 18 = 216, జెల్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ పిండకూడదు కాబట్టి చేతికొచ్చేది 108. అంటే 11 గంటలు. ప్యానెల్ పని చేయని సమయం 14 గంటలు. వైండింగ్ అంగడి నడిపేవాడిని, ఈ లెక్క కొనకముందే వేయాల్సింది. డబ్బాల మీద రాసిన వాట్లు నమ్మి కొన్నాను.

మార్చినవి:

1. 12.8 వోల్టుల 30 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. 384 వాట్ అవర్లలో 80 శాతం వాడినా 32 గంటలు.
2. ప్యానెల్ ఇంకొకటి. ఒక్కటి ఉంటే 75 × 4.5 గంటలు × 0.7 = 236. రోజు ఖర్చుకు బొటాబొటి. ఒక్కరోజు మబ్బు పడితే అప్పు తీరదు.
3. లిథియం సెట్టింగ్ ఉన్న చార్జ్ కంట్రోలర్. పాతదానితో కొత్త బ్యాటరీ నిండటం లేదు.

నవంబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు సూర్యుడు కనబడలేదు. మూడో రోజు రాత్రి లింకు పడిపోయింది, ఐదో రోజు పొద్దున తనంతట తానే లేచింది. దీనికి ఇంకో బ్యాటరీ కొనాలా అని మాట్లాడుకున్నాం. ఏడాదికొక రోజు కోసం వద్దనుకున్నాం.

ఖర్చు: మొదటి విడత 6,830, రెండో విడత 12,400.
ఇప్పటిదాకా మొత్తం: 64,130

దశ 4: ట్యాంకు నోడ్, తెల్ల తీగ (అక్టోబరు)

ట్యాంకు పక్కింటి ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి 45 మీటర్ల నెట్‌వర్క్ కేబుల్‌లోనే 12 వోల్టులు పైకి పంపాం. పగలంతా బాగుండేది. సందకాడ ఏడు నుంచి పది దాకా రౌటర్ ఆగి ఆగి మొదలయ్యేది. రోజుకు ఆరేడు సార్లు. మెష్ సాఫ్ట్‌వేర్‌లోనే లోపం అని తమ్ముడు లాగ్‌లన్నీ తిరగేశాడు.

చివరికి మల్టీమీటర్ తీసుకుని ట్యాంకెక్కాను. కింద బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు. పైన రౌటర్ దగ్గర, అందరూ వాడుతున్న వేళ, 9.4. సగం ఆంపియరుకు 2.9 వోల్టులు దారిలోనే పోతున్నాయి. అంత పోవడానికి వీల్లేదు. కేబుల్ కొస కత్తిరించి ఒక తీగను బ్లేడుతో గీకాను. రాగి రంగు పొడిలా రాలింది, లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం తీగకు రాగి పూత. రోజూ రాగి తీగ చుట్టే చేతులు ఇవి, చుట్ట ఎత్తగానే తేలికగా ఉందని కూడా నాకు తట్టలేదు.

స్వచ్ఛమైన రాగి కేబుల్ తెచ్చి, వోల్టేజీ 24కు పెంచాం. వోల్టేజీ రెట్టింపైతే కరెంటు సగం, తీగలో వేడిగా పోయేది నాలుగో వంతు. ఇప్పుడు కింద 24.1, పైన 23.2. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా రీబూట్ కాలేదు. మీరు కేబుల్ కొనేటప్పుడు అంగట్లోనే కొస గీకి చూడండి. రాగిదైతే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది.

ఖర్చు: 3,780. ఇప్పటిదాకా మొత్తం: 67,910

దశ 5: చిన్నవే, కానీ ఊరంతా ఆగింది

ఒకరోజు సగం ఊరికి నెట్ ఉంది, సగానికి లేదు. ఒకింటి పిల్లాడు పాత రౌటర్‌ను రీసెట్ చేసి దాని లాన్ పోర్టును మా నోడ్‌కు తగిలించాడు. అది కూడా అందరికీ ఐపీ అడ్రసులు (ఒక్కో ఫోనుకు, కంప్యూటర్‌కు ఇచ్చే నంబర్లు) పంచడం మొదలుపెట్టింది. పిల్లాడి తప్పేమీ లేదు, మేమే అడ్డం పెట్టలేదు. ఇప్పుడు ఇళ్ళ వైపు పోర్టుల నుంచి వచ్చే డీహెచ్‌సీపీ (ఆ అడ్రసులు పంచే) జవాబులను నోడ్‌లోనే ఆపేస్తున్నాం.

కోతులు కేబుల్ లాగుతాయి. వేలాడే కేబుల్ జానెడు కూడా ఉండకూడదు, మొత్తం పైపులో పోవాలి. డబ్బా కింది బెజ్జంలో కందిరీగలు గూడు పెట్టాయి, స్పంజి ముక్క కుక్కాం. అక్టోబరు ఉరుములకు ఒక ఇంటి నోడ్ పోర్టు కాలింది. ఆ తర్వాతే ప్రతి పైపుకూ ఎర్తు, ప్రతి కేబుల్‌కూ సర్జ్ ప్రొటెక్టర్ వేశాం. ఇవి మొదటి రోజే వేయండి. అన్నిటికీ కలిపి 4,850.

ఇప్పటిదాకా మొత్తం: 72,760. ఇందులో వాడకుండా మూలన పడ్డవి: పాత రౌటర్లు 6,500, పూత కేబుల్ 1,850, జెల్ బ్యాటరీ 2,600, పాత కంట్రోలర్ 650. కలిపి 11,600.

దశ 6: కాగితం, లెక్కలు

ఇంటి ప్లాన్ తీసుకుని పది ఇళ్ళకు పంచడం ఆ ప్లాన్ షరతులకే విరుద్ధం. మొదట పరీక్షకు మూడు ఇళ్ళలో అలాగే నడిపాం, మనసులో గుబులుగానే ఉండేది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పబ్లిక్ వైఫై పథకం పీఎం వాణిలో, పబ్లిక్ డేటా ఆఫీసుగా చేరేవాళ్ళకు లైసెన్సు అక్కర్లేదు. చిన్న అంగడి కూడా చేరొచ్చు. వాడేవాళ్ళ గుర్తింపు, లెక్కలు చూసుకునే అగ్రిగేటర్ ఒకరి కింద చేరాలి. టీ అంగడి మామ పేరు మీద చేరాం. లైన్ కూడా పంచుకోవడానికి వీలున్న ప్లాన్‌కు మార్చాం.

ఇప్పుడు 34 ఇళ్ళు, ఇంటికి నెలకు 150. వచ్చేది 5,100, లైన్‌కు పోయేది 2,200. మిగిలిన 2,900 మరమ్మతు పెట్టెలోకి. ఏ నెల ఎంత ఉందో పాలకేంద్రం గోడ మీద సుద్దతో రాస్తాం. డబ్బు సంగతి గోడ మీద లేకపోతే ఇది రెండో ఏడాది చూడదని నా నమ్మకం.

ట్యాంకు పక్కింట్లో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ పెట్టి, బయటి నెట్ లేకున్నా చదువుకునేలా చేసే కివిక్స్‌తో తెలుగు వికీపీడియా, పదో తరగతి పిల్లలకు వాళ్ళ సార్ ఇచ్చిన పాఠాల వీడియోలు వేశాం. నవంబరు వానకు రోడ్డు పక్క ఫైబర్ తెగి రెండు రోజులు బయటి నెట్ రాలేదు. ఊరి లోపలిది మాత్రం ఆగలేదు, పిల్లలు పాఠాలు చూసుకున్నారు. నీళ్ళు వదిలే వేళ కూడా అందులోనే పెట్టమని ఆడవాళ్ళు అడిగారు, పెట్టాం.

ఫైబర్ తెగినప్పటి నుంచి రెండో దారి కావాలని అందరి మాట. తూర్పు పక్క పల్లెలో వేరే కంపెనీ లైన్ ఉంది, అక్కడి మిద్దె వాళ్ళు ఒప్పుకున్నారు. బ్యాట్‌మ్యాన్‌లో రెండు గేట్‌వేలు (బయటి నెట్‌కు పోయే వాకిళ్ళు) పెట్టుకోవచ్చు, ఒకటి పోతే నోడ్లు రెండోదానికి తిరుగుతాయి. నిన్న ఆ లింకు కొలిచాం. దూరం 950 మీటర్లు, లెక్క ప్రకారం మైనస్ 55 రావాలి, వచ్చింది మైనస్ 71. ఈసారి వెంటనే దారి వెంట నడిచాం. నడుమ పెద్ద చింతచెట్టు, గీతకు రెండడుగుల కిందే ఉంది. అటువైపు మిద్దె మీద పైపు ఇంకో ఆరడుగులు లేపి, ఊగకుండా మూడు వైపులా స్టే వైర్లు లాగాలి. ఆదివారం పైపు తెస్తున్నాం.